రత్నం మామ్మ పీట

"ఈయేల గోవిందరావు మన గుమ్మంలోకొస్తాడు, సూస్తూ ఉండండి. వొచ్చి, మీ గుంట మా యమ్మని పడేసిందని వీధి వీధంతా ఇనిపించీలాగ అంటాడు."

పొయ్యి మీద టీ గిన్నె పెడుతూ నేను అన్న మాట ఇది. అప్పటికింకా ఎవరూ రాలేదు. వీధి తలుపు గడియ కూడా తీయలేదు.

మా ఆయన సొలొమోను వర్క్‌షాప్ బూట్లకి లేసు కట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"రానీ," అన్నాడు.

"రానీ అంటే అయిపోనాదా? ముసిల్దానికి తుంటి ఇరిగిపోయింది. గుండెకి బలం లేదు, ఆపరేషన్ కుదరదని డాక్టర్లు సెప్పేసినారు. ఆ వయసులో మంచం పట్టినోళ్ళు మన కోలనీలో ఎవులు లేసి తిరిగినారో ఒక్క పేరు సెప్పండి."

ఆయన రెండో బూటు అందుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో, రైలు కూత వినపడితే చాలు నీకు పట్టాలు తప్పినట్టే ఉంటుంది అని నన్ను ఏడిపించేవాడు. ఈ వారంలో ఆ మాట ఒక్కసారీ అనలేదు. అని ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

లోపల గదిలోంచి మళ్ళీ ఆ చప్పుళ్ళు మొదలయ్యాయి. కూర్చున్న చప్పుడు. లేచిన చప్పుడు. నేల మీద నీళ్ళు పోసిన చప్పుడు. మళ్ళీ కూర్చున్న చప్పుడు.

మా అమ్మాయి ఏంజలిన్ పీటని పరీక్ష చేస్తోంది. గురువారం నుంచీ అదే పని. తిండి లేదు, మాట లేదు, అదీ పీటా.

ఆ పీట సంగతి బెంగాలీల మధ్య ఉన్న ఈ నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో తెలియని వాళ్ళు లేరు. మావి పాతకాలం క్వార్టర్లు. లెట్రిన్లన్నీ గొంతుక్కూర్చునేవే. మోకాళ్ళు పోయిన ముసలాళ్ళు పొద్దున్నే గోడ పట్టుకుని మూలుగుతూ వెళ్తారు, మూలుగుతూ వస్తారు. మా పిల్ల చదువు అయ్యాక ఒక డిజైన్ ల్యాబులో చేరింది. మామూలు మనుషులు రోజూ వాడుకునే వస్తువులు ఎలా ఉంటే సుఖంగా ఉంటుందో, వాడేవాళ్ళనే అడిగి తయారుచేస్తారట అక్కడ. అలా చేసిందే ఈ పీట. లెట్రిన్ గుంట మీద పెట్టుకుంటే కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. లేవడానికి పక్కన పిడి.

ముసలాళ్ళున్న ఇళ్ళకి కొన్ని ఇచ్చింది, వాడి చూసి చెప్పమని. మొదటిది పక్కింటి రత్నం మామ్మకి. మామ్మకి కాక ఇంకెవరికి ఇస్తుంది? పిల్ల పుట్టిన ఏడాది నేను పచ్చకామెర్లతో మంచాన పడితే, దాన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. నాకు వరసకి సిన్నమ్మ, దానికి మామ్మ. మా ప్రభువు వేరు, వాళ్ళ దేవుళ్ళు వేరు, అయినా ఆ వరసలు అలా పడిపోయాయి.

ప్రతి గురువారం పొద్దున్నా ఏంజలిన్ వెళ్ళి అడిగేది. కదుల్తోందా మామ్మా, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా, పిడి చేతికి అందుతోందా. గోడ ఇవతల బట్టలు ఆరేసుకుంటూ నేనూ వినేదాన్ని. మామ్మ జవాబు ఎప్పుడూ ఒకటే. "నాకేటి తల్లీ, దివాణంలో కూకున్నట్టుంటాది."

మొన్న గురువారం పిల్ల ఇంకా జడ వేసుకుంటుండగానే పక్కింట్లోంచి కేక. మామ్మ కోడలు మీనాకుమారి అరిచింది. వెళ్ళేసరికి మామ్మ లెట్రిన్ మెట్టు దగ్గర పడి ఉంది. పీట కొళాయి దగ్గర బోర్లా పడి ఉంది. దాన్నే పిల్ల ఇంటికి తెచ్చుకుంది. అప్పుడు మూసిన నోరు మామ్మ ఇంకా తెరవలేదు.

"ఆ రబ్బరు ముక్కలు మీరే కదా అతికించినారు," అన్నాను మా ఆయనతో.

మామ్మ ఇంట్లో లెట్రిన్ నేల ఒక పక్కకి వాలి ఉంటుంది. పీట కుంటుతోందని, ఆయనే పాత బెల్టు రబ్బరు కోసి కాళ్ళ కింద వేశాడు.

"నేనే."

"అవి ఊడిపోనాయేమో."

"ఊడవు."

"పీట జారదని దాని మాట. రబ్బరు ఊడదని మీ మాట. మరి ముసిల్ది గాల్లోంచి పడిందేటి?"

ఆయన కట్టిన లేసు విప్పేసి మళ్ళీ కట్టాడు.

టీ పట్టుకుని గదిలోకి వెళ్ళాను. నేలంతా సబ్బు నీళ్ళు. పిల్ల పీట మీద కూర్చుని, ఒక పక్కకి ఒరిగి, మోకాలు వంగని మనిషిలా పిడి మీద బరువంతా వేసి లేస్తోంది.

"నువ్వూ పడతావే. నువ్వూ ఇరక్కొట్టుకుంటే నాను ఏ మంచం దగ్గర కూకోవాలి?"

"పడట్లేదమ్మా. అదే బాధ."

"పడకపోతే బాధేటే?"

"సబ్బు పోశాను. నూనె పోశాను. నాన్న రబ్బరు తీసి చూశాను, పెట్టి చూశాను. ఎలా కూర్చున్నా పడట్లేదు. మరి మామ్మ ఎలా పడింది? నాకు కనపడని తప్పేదో ఉంది దీన్లో. ఈపాటికి మిగతా ఇళ్ళల్లో ముసలాళ్ళు దీని మీదే కూర్చుని ఉంటారమ్మా."

అంతవరకూ నేను ఒక్క మామ్మ గురించే భయపడుతున్నాను. ఆ మాట విన్నాక మా వరసలో ప్రతి ఇంటి వెనక తలుపూ నా కళ్ళ ముందుకొచ్చింది. ఏ తలుపు వెనక నుంచి కేక వస్తుందోనని చెవులు అటే వెళ్ళిపోయాయి.

మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "రబ్బరు తీసేసినా నిలబడతాందా?"

"నిలబడుతోంది నాన్నా. నీ తప్పు కాదు."

ఆయన మొహంలో కొంచెం ఊరట చూద్దామనుకున్నాను. కనపడలేదు. తన తప్పు కాకపోతే ఇంక మిగిలింది కూతురి తప్పే కదా.

అప్పుడే వీధి తలుపు కొట్టారు.

గోవిందరావే. రత్నం మామ్మ కొడుకు. యార్డులో పని. ఎప్పుడొచ్చినా తలుపు కొట్టి రాడు, తిన్నగా వంటింట్లోకొచ్చి గిన్నెల మూతలు తీసి చూసే మనిషి. నన్ను అప్పా అంటాడు, అక్క వరస. క్రిస్మస్ కేకు మొదటి ముక్క మా ఇంట్లో వాడికే. ఆ మనిషి ఇవాళ గుమ్మం కింద నిలబడ్డాడు. గడ్డం మాసిపోయింది. ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు.

"డ్యూటీకా బావా," అన్నాడు మా ఆయనతో. అలవాటుగా వచ్చిన మాట. వెంటనే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"లోపలికి రా."

"రాను బావా. ఆ పీట ఇచ్చీమను."

"ఏటి సేస్తావురా దాన్ని?" అన్నాను.

"ఇరగ్గొట్టి పొయ్యిలో ఎట్టీస్తానప్పా."

"ప్లాస్టిక్‌రా అది. కంపు కొడతాది."

భయంలో నా నోటికి ఏదొస్తే అదే. వాడు నా వైపు చూసిన చూపుకి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఏంజలిన్ తడి బట్టలతోనే వచ్చింది. "మామ్మ మాటాడిందా మావయ్యా?"

"నేదు. గోడకేసి తిరిగి పడుకున్నాది. డాక్టరు అడిగినా నేదు, నాను అడిగినా నేదు. కన్న కొడుకు ఎవుడో తెలీనట్టు సూత్తన్నాది." చేత్తో మొహం తుడుచుకుని గట్టిగా అన్నాడు. "ఇంక నీ పీటతో పన్లేదులే. అన్నీ మంచం మీదే. మీనా ఎత్తి పోత్తన్నాది."

పిల్ల ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోలేదు.

"పీట కొళాయి దగ్గర ఎందుకుంది మావయ్యా?"

"ఏటి?"

"మామ్మ పడింది మెట్టు దగ్గర. పీట ఉండాల్సింది లోపల. మధ్యలో గడప ఉంది. కూర్చున్నప్పుడు జారితే పీట లోపలే పడాలి కదా. బయటికి ఎలా వచ్చింది?"

"నన్నడుగుతావేటే? నాను డ్యూటీలో ఉన్నాను. వారం వారం వొచ్చి మా యమ్మని అడిగినావు కదా, కదుల్తోందా, నొప్పెడతాందా అని. ఇంకా మిగిలినాదా అడగడానికి? తుంటి ఇరిగీదాకా అడిగినావు. సాలదా?"

"మాట సూసుకో గోవిందరావూ," అన్నాడు మా ఆయన.

"నాను సూసుకోవాలా బావా? ముసిలోళ్ళ మీద పరీచ్చలు సెయ్యమని నీ కూతురికి ఎవులు సెప్పినారు? ల్యాబులో ఎలకేటి మా యమ్మ? గొంతుక్కూకుని ఇన్నాళ్ళూ బతకనేదా? బాగున్న మనిషికి సింహాసనం తెచ్చి ఎట్టినారు."

"బాగున్న మనిషా?" పిల్ల ఒక అడుగు ముందుకేసింది. "మోకాళ్ళ నొప్పికి భయపడి మామ్మ రాత్రిపూట మంచినీళ్ళు తాగడం మానేసింది మావయ్యా. నీకు తెలుసా?"

వాడికి తెలియదు. తెలియదని వాడి మొహం చెప్పింది. తెలియని సంగతి పక్కింటి పిల్ల నోట వినడం కంటే చెంపదెబ్బ నయం. నాకు పిల్ల నోరు మూసేద్దామనిపించింది.

ఇంతలో మీనాకుమారి గోడ పక్క నుంచి వచ్చింది. చేతిలో ఉతికిన దుప్పట్ల సంచి. "ఆసుపత్రికి ఆలీసమౌతాది, రండి," అంది మొగుడితో. తర్వాత నా వైపు చూసింది. "అప్పా, ఆ పీట..."

"ఆ పీట ఏటి?" అన్నాడు గోవిందరావు.

"ఏటీ నేదు."

నోరు తెరిచి మూసుకోవడం నేను చూశాను. ఏంజలిన్ కూడా చూసింది. వాళ్ళు వెళ్ళిపోయారు. పీట తీసుకెళ్ళడం వాడు మరిచిపోయాడు.

మా ఆయన అన్నం డబ్బా తీసుకోకుండానే వర్క్‌షాప్‌కి వెళ్ళిపోయాడు. వెనక్కి పిలిస్తే మంచిది కాదని ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఇంకో భయం పట్టుకుంది. ఖాళీ కడుపుతో మెషీన్ల మధ్య తిరిగే మనిషి.

కాసేపటికి పిల్ల ఫోను మోగింది. వాళ్ళ ల్యాబులో పెద్దావిడ మౌసుమీ దీదీ. పిల్ల చేతులు సబ్బుగా ఉన్నాయని స్పీకర్‌లో పెట్టింది. ఆవిడ హిందీలో మాట్లాడింది. నాకు సగం పైన అర్థమైంది. ముందు ముసలావిడ ఎలా ఉందని అడిగింది, తర్వాత నువ్వు తిన్నావా అని అడిగింది. మంచి గొంతే. మంచి గొంతుతో చెప్పినా మాట మారదు కదా.

"ఏంజలిన్, సాయంత్రంలోగా నాకు ఒక్కటి చెప్పాలి. పీట వల్ల పడిందా, కాదా. పీట వల్లే అయితే ఇవాళే అన్ని ఇళ్ళ నుంచీ వెనక్కి తెచ్చేద్దాం. ఈ పని ఇక్కడితో ఆపేద్దాం. కాదంటే ఉంచుదాం, దాన్ని నమ్ముకుని లేచి కూర్చుంటున్నవాళ్ళ దగ్గర లాక్కోకూడదు. రెండిట్లో ఏదైనా నేను నీ వెనక ఉంటాను. తెలీదని మాత్రం చెప్పకు."

పిల్ల పీట వంక చూసింది.

"పతా నహీ, దీదీ," అంది. తెలీదనే చెప్పింది.

"ఠీక్ హై. సాయంత్రం ఫోను చేస్తాను," అని దీదీ పెట్టేసింది.

ఏంజలిన్ లేచి బట్టలు మార్చుకుంది.

"ఎక్కడికే?"

"ఆసుపత్రికి."

"ఒద్దు తల్లీ. గోవిందరావు అక్కడే ఉంటాడు. పదిమందిలో అంటాడు. ఆ మాట పట్టుకుని ఎవులైనా పోలీసుల దగ్గరికెల్తే? సంఘంలో ఏటని సెప్పుకోవాలి? ఆవిడికేటన్నా అయితే, నువ్వెళ్ళినాకే అయిందంటారు."

"నేను వెళ్ళకపోతే ఏమీ అవదా అమ్మా?"

గంజి కాచి డబ్బాలో పోసుకుని నేనూ బయల్దేరాను. పిల్లని ఒంటరిగా పంపే ధైర్యం లేదు, ఆపే బలం అంతకంటే లేదు.

టోటో రిక్షాలో నేను లోపల ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. పక్కన పిల్ల పెదాలు కదుపుతోంది. అదీ ప్రార్థన చేస్తోందేమోనని సంతోషించబోయాను. తీరా వింటే, మామ్మని ఏమడగాలో ఆ ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ అనుకుంటోంది. ఒకటి అనుకుని, తల అడ్డంగా ఊపి, ఇంకోలా అనుకుంటోంది.

ఆడవాళ్ళ వార్డులో గోడ పక్క మంచం. రత్నం సిన్నమ్మ ఇంత చిన్న మనిషని నాకు ఎప్పుడూ అనిపించలేదు. జుట్టుకి నూనె లేదు, మొహాన బొట్టు లేదు. గోడకేసి తిరిగి, కళ్ళు తెరిచే ఉంది.

"సిన్నమ్మా, గంజి తెచ్చినాను. జీలకర్ర ఏసినాను, నీకిష్టం కదా."

గోడతో మాట్లాడినట్టే ఉంది.

గోవిందరావు మందులకి వెళ్ళాడట. మీనాకుమారి బయట కొళాయి దగ్గర గుడ్డలు పిండుతోంది. పిల్లని మంచం దగ్గర వదిలి నేను దాని దగ్గరికి వెళ్ళాను.

"మీనా, పొద్దున్న ఏదో సెప్పబోయినావు."

"ఏటీ నేదప్పా."

"పీట బయటెందుకుందో నీకు తెలుసు."

అది గుడ్డ పిండిందే పిండుతోంది. నీళ్ళు రావడం మానేసినా పిండుతోంది.

"నన్నడక్కప్పా. ఆవిడి ముందే నా సేత ఒట్టేయించుకున్నాది. తప్పుకో, లోపల తుడవాలి."

ఒట్టా. నా బుర్ర ఎక్కడా ఆగదు. కొడుకు ఏమైనా అన్నాడా, కోడలే తోసిందా, ముసలావిడ కావాలనే పడిందా. కొళాయి నుంచి మంచం దాకా నడిచేలోపు ఇన్ని అనుకున్నాను. అనుకున్నందుకు మనసులోనే క్షమించమని అడిగాను. పక్క మంచం ఆవిడని వార్డు ఆయమ్మ బెంగాలీలో కసురుతోంది, అన్నం సగం వదిలేసిందని. ఆ కసురు కూడా నా పిల్ల మీదేనేమో అనిపించింది.

ఏంజలిన్ నేల మీద కూర్చుని ఉంది. మంచం కోడు పట్టుకుని.

"మామ్మా, నొప్పెక్కడ అని అడగను. ఒక్కటే అడుగుతాను. పీట మీంచి పడ్డావా?"

మామ్మ రెప్ప వేసింది. అంతే.

"తిట్టు మామ్మా. నీ పీట పాడుగాను అను. నేనేమీ అనుకోను."

వెనక నుంచి గోవిందరావు గొంతు. "మళ్ళీ వొచ్చినావా అడగడానికి?" చేతిలో మందుల కవరు.

నేను వెళ్ళి అడ్డంగా నిలబడ్డాను. ఏం చేద్దామని నిలబడ్డానో నాకే తెలియదు. పిల్ల వెనక్కి తిరగలేదు.

"మామ్మా, సాయంత్రం అన్ని ఇళ్ళకీ వెళ్తాను. పీటలన్నీ తెచ్చేస్తాను. నా పీట మా మామ్మని పడేసిందని మా దీదీకి చెప్పేస్తాను. ఇంక ఈ పని చెయ్యను. ఎవరికీ ఏదీ చేసివ్వను."

"మంచిపని," అన్నాడు గోవిందరావు.

"కాదు," అంది మీనాకుమారి.

అందరం అటు తిరిగాం. అది తడి గుడ్డ గుండెకి అదుముకుని నిలబడి ఉంది. జాకెట్టంతా తడిసిపోయింది.

"అత్తా, నన్ను చెమించు. నాను ఒట్టు తప్పుతన్నాను. గుంట ఉసురు నాకొద్దు." మొగుడి వైపు చూడకుండా, ఏంజలిన్ వైపే చూస్తూ చెప్పింది. "ఆవిడి పీట మీంచి పడనేదు. పీట ఎత్తుకుని లోపలెట్టడానికి ఎల్తా మెట్టు మీద జారింది. నువ్వొచ్చే ఏలయిపోయిందని తొందరపడింది."

"లోపలెట్టడమేటి?" అన్నాడు గోవిందరావు. "అది లోపలే కదా ఉంటాది."

"గురువారం ఒక్కపూటే. గుంట వొచ్చి సూసి ఎల్లినాక కడిగీసి, పసుపు నీళ్ళు జల్లి, మళ్ళీ సావిట్లోకి తెచ్చీసుకునీది. మిగతా రోజులన్నీ దాని మీద కూకుని బియ్యం ఏరుకునీది. మీరు డ్యూటీకెల్లినాక."

"మరి లెట్రిన్‌కి?"

"గోడ పట్టుకునే."

"నీకు తెలిసీ నాకు సెప్పనేదా?" గోవిందరావు గొంతు లేచింది. "ఆ బరువు మోత్తంటే సూత్తా కూకున్నావా? నువ్వు ఎట్టలేవా ఆ పీట? నీకు సేతుల్లేవా?"

"నానే ఎడతానన్నాను. వారం వారం అన్నాను. ఆవిడి ముట్టనివ్వదు."

"ముట్టనివ్వకపోతే వొదిలేస్తావా?"

"మీరు అమ్మని ఒక్కనాడైనా ఎలాగున్నావని అడిగినారా? ఇప్పుడు నన్నడుగుతన్నారు."

ఆయమ్మ వచ్చి అరిచింది, ఇది ఆసుపత్రి, చేపల బజారు కాదు అని. గోవిందరావు మందుల కవరు కిటికీలో పెట్టి, రెండు చేతులూ మొహాన పెట్టుకుని నిలబడిపోయాడు.

పీట తప్పు కాదు. ఆ ముక్క నాకు అర్థమైంది. స్తోత్రం ప్రభువా అని నోటి దాకా వచ్చింది. పిల్ల మొహం చూసి ఆ మాట అక్కడే ఆగిపోయింది.

పీట పడేసి ఉంటే బాగుండేదన్నట్టు ఉంది దాని మొహం. పీటనైతే బాగుచేసుకోవచ్చు.

"అంటే," అంది మెల్లిగా, "నేను రాకపోతే నువ్వు పడేదానివి కాదు."

మంచం కోడు వదిలేసి దుప్పటి అంచు పట్టుకుంది.

"దివాణంలో కూకున్నట్టుందన్నావు మామ్మా. ప్రతి వారం అన్నావు. నేను అందరికీ చెప్పాను. మా మామ్మ లేచి తిరుగుతోందని చెప్పాను. మా ల్యాబు వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు." దాని గొంతులో ఏడుపు లేదు. ఉంటే నేను పట్టుకునేదాన్ని. "ఎందుకు మామ్మా? ఎత్తు సరిపోలేదా? చల్లగా ఉందా? ఒక్క మాట చెప్తే మార్చేదాన్ని కదా. ఎందుకు కూర్చోలేదు?"

పైన ఫ్యాను తిరుగుతోంది. పక్క మంచం ఆవిడ సగం వదిలేసిన అన్నం ఆయమ్మ తీసుకెళ్ళిపోయింది. మీనాకుమారి నేల తుడవడం మొదలుపెట్టి, తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. ఎక్కడో యార్డు వైపు నుంచి ఇంజను కూత వినపడింది. గోవిందరావు కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. డబ్బాలో గంజి చల్లారిపోయింది. ఈ మనిషి ఇంక ఎప్పటికీ మాట్లాడదేమో, మా పిల్ల ఈ ప్రశ్న దగ్గరే జీవితమంతా కూర్చుండిపోతుందేమో అనిపించింది. లే తల్లీ పోదాం, అని దాని భుజం మీద చెయ్యి వేశాను. అది లేవలేదు.

దిండు మీద తల కదిలింది. రత్నం సిన్నమ్మ గోడ వైపు నుంచి మొహం తిప్పడానికి ప్రయత్నించింది. నొప్పికి మొహమంతా ముడుచుకుపోయింది. సగం తిరిగి, అక్కడే ఆగిపోయింది. గొంతు ఎండిపోయి, గాలి ఎక్కువ, మాట తక్కువ.

"నువ్వు సేసిన పీటమ్మా అది," అంది. "నీ సేత్తో సేసిన దాని మీద కూకుని ఆ పాడుపని ఎలాగ సేత్తాననుకున్నావు?"

ఏంజలిన్ ఆవిడ చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. సిన్నమ్మ ఊపిరి తీసుకుని, ఇంకా ఏదో మిగిలిపోయినట్టు దాని వేళ్ళని దగ్గరికి లాక్కుంది.

"మిగతా ఇళ్ళకెల్లి మాత్రం అడక్కు తల్లీ. ఆళ్ళూ నీకు సెప్పలేరు."